కాలయానము – చెదరని మమత



గడచిన కాలములోనికి పోయి రాగల వాహనమొకటి మన వాకిట వచ్చి నిలిచినదనుకొందము. ఒక్క పర్యాయము మాత్రమే పోయి రావచ్చును. ఎవరిని చూడబోవుదుము? ఈ ప్రశ్న మేము కొత్తగా కల్పించినది కాదు. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1895లో కాలయంత్రమును గూర్చి నవల వెలువరించినది మొదలు కథకులను వెంటాడుచున్న ప్రశ్న యిది. వెల్స్ కథానాయకుడు దూరపు భవిష్యత్తునకు పోయెను. మానవజాతి తుదకు ఏమి కానున్నదో చూచుట ఆతని కోరిక. తరువాతి కథకులలో పలువురు మాత్రము ఆ యంత్రమును వెనుకకు త్రిప్పిరి. లోకమును చూచుటకుగాక, ఒకే ఒక మనిషిని చూచుటకై పోయిరి. యంత్రముల కథలోనికి మమత ఎట్లు వచ్చి చేరినది, కాలము ముందు అది ఎంతవరకు నిలిచినది అనునది నేటి మా ప్రసంగ విషయము.

మొదట అమెరికా దేశపు టెలివిజన్ కథ నొకదానిని చెప్పెదము. 'స్టార్ ట్రెక్' అను ధారావాహికలో 1967 ఏప్రిల్ 6వ తేదీన ప్రసారమైన భాగమది. రచయిత హార్లన్ ఎల్లిసన్. 'అనంతకాలపు అంచున నగరము' అని దాని పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. నక్షత్రముల నడుమ సంచరించు నౌకకు అధిపతి కర్క్. మతి చలించి కాలద్వారములోనికి దూకిన తన వైద్యుని వెదకుచు, మిత్రుడు స్పాక్‌తో కూడ ఆతడు 1930 నాటి న్యూయార్క్ నగరమునకు చేరును. ఆర్థికమాంద్యపు రోజులవి. అక్కడ ఈడిత్ కీలర్ అను యువతి నిరుపేదలకు కూడు పెట్టు సత్రమును నడపుచుండును. కర్క్ ఆమెను ప్రేమించును. పిదప తెలిసిన సంగతి యేమనగా, అసలు చరిత్రలో ఆమె ఆ యేట వీథి ప్రమాదమున మరణించినది. ఆమె బ్రతికినచో శాంతి ఉద్యమమునకు నాయకురాలగును, అమెరికా యుద్ధములో చేరుట ఆలస్యమగును, హిట్లరు గెలుచును. తుదకు ఆమె వీథి దాటుచుండగా మోటారు బండి మీదికి వచ్చును. రక్షింపబోయిన వైద్యుని కర్క్ తన చేతులతో పట్టి ఆపును.

ఆ కథ బలమంతయు ఆ పట్టుకొనిన చేతులలోనే యున్నదని మా అభిప్రాయము. శాస్త్రకల్పన రచనలకిచ్చు హ్యూగో బహుమానము 1968లో దానికి లభించెను, తగినదే. అయినను ఒక్క మాట. లోకమును కాపాడుటకై నీ ప్రియురాలిని వదలుకొనుమని మనలో ఎవ్వరినైనను ఎవ్వరైనను అడుగుదురా? సంసారులకు వచ్చు దుఃఖము అట్టిది కాదు. మనవారు పోవుదురు. వారు పోవుటవలన లోకమునకు ఒరిగినదియు ఏమియు నుండదు.

కాలయాన కథలు పడమటినుండియే మనకు వచ్చినవని తలచుట సరికాదు. భాగవతము నవమస్కంధములో రైవత కకుద్మి కథ కలదు. పోతన తెనుగులో చదువుకొన్నవారికి అది కొత్త గాదు. కకుద్మి మహారాజు తన కుమార్తె రేవతికి తగిన వరుడెవ్వడో అడుగుటకై ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అక్కడ గానము జరుగుచుండెను. పాట ముగియువరకు ఆగుట మర్యాద గదా! క్షణకాలము నిలిచి, పిదప నమస్కరించి తన మనసులోని వరుల సంగతి విన్నవించెను. బ్రహ్మ నవ్వెను. నీవు తలచుకొన్న వారేకాదు, వారి కొడుకులు, మనుమలు కూడ నేడు లేరు. ఇరువదియేడు మహాయుగములు గడచిపోయినవి అనెను. మహాయుగమునకు 43,20,000 సంవత్సరములు. కూడగా 11 కోట్ల 66 లక్షల 40 వేల సంవత్సరములు. ఇదంతయు ఒక్క పాట ముగియు వ్యవధిలో!

రేవతి తిరిగివచ్చి బలరాముని పెండ్లాడెను. పూర్వయుగపు పిల్ల యగుటచే ఆమె మిక్కిలి పొడగరి యనియు, బలరాముడు తన నాగలితో ఆమెను తన కాలపు కొలతకు తగ్గించెననియు విష్ణుపురాణము చెప్పును. నవ్వు పుట్టించు ఈ ముక్క మాకు ఎంతో ప్రియమైనది. కోట్ల ఏండ్ల అంతరమును మన పౌరాణికుడు ఒక వ్యవసాయపు పనిముట్టుతో సరిచేసెను! అయితే ఆయన చెప్పక విడిచినది ఒకటి కలదు. తండ్రి తిరిగి వచ్చునప్పటికి తమ్ములు పట్టణము విడిచి దిక్కులకు చెదరిపోయిరని మాత్రము భాగవతము చెప్పును. ఆడుకొన్న చెలులు లేరు, పుట్టిన యిల్లు లేదు. ఆ పిల్ల ఏడ్చినదా? పురాణమునకు ఆ ప్రశ్న తోచలేదు. ఆ ప్రశ్నను అడుగుటయే నేటి కథకుని పని.

రేవతి ప్రయాణమును కట్టుకథ యని త్రోసివేయుటకును వీలులేదు. వేగముగా పోవువాని గడియారము నెమ్మదించునని 1905లో ఐన్‌స్టీన్ సిద్ధాంతీకరించెను. 1971లో హాఫెలె, కీటింగ్ అను ఇద్దరు పరమాణు గడియారములను విమానములలో భూమి చుట్టును త్రిప్పి తెచ్చి, నేలమీది గడియారములతో పోల్చిచూచిరి. భేదము కనబడినది. సెకనును కోటి భాగములు చేసినచో మూడు భాగములకు మించదు. అయినను భేదము భేదమే. నేడు మన చేతి ఫోనులకు త్రోవ చూపు ఉపగ్రహములలోని గడియారములు, ఎత్తునందుండుటవలన కలుగు లాభమును, వేగమువలన కలుగు నష్టమును కలిపి లెక్కింపగా, దినమునకు సెకనులో పదిలక్షలవ వంతులు 38 మేర ముందు నడచును. ఆ తేడాను ఎప్పటికప్పుడు సరిదిద్దుచుందురు. లేనిచో మదనపల్లెనుండి పుంగనూరునకు పోవు బండికి ఫోను ఒక్క దినములోనే పది కిలోమీటర్ల ఆవల త్రోవ చూపును. కనుక కాలములో ముందునకు పోవు త్రోవ కలదు. రేవతి పోయిన త్రోవ అది. వెనుకకు పోవు త్రోవను మాత్రము ఇంతవరకు ఎవ్వరును కనుగొనలేదు. మనుష్యునికి కావలసినది ఆ వెనుకటి త్రోవయే!

తెలుగు ప్రేక్షకులకు ఆ త్రోవను రుచి చూపినది 1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున వచ్చిన 'ఆదిత్య 369'. నందమూరి బాలకృష్ణ అందులో కృష్ణకుమార్ అను నేటి యువకుడుగాను, శ్రీకృష్ణదేవరాయలుగాను నటించిరి. కథ 1526 నాటి విజయనగరమునకు పోయి, అక్కడనుండి 2504వ సంవత్సరమునకు దూకును. రాయలను కన్నులార చూడవలెననునది ప్రతి తెలుగువాని కోరిక. ఆ చిత్రము దానిని తీర్చినది. ప్రేమికులిద్దరును జంటగా యంత్రమెక్కి పోయిరి గనుక ఎడబాటు ప్రసక్తి లేదు. వినోదమునకు అంతకంటె కావలసినది లేదు. మేము ఇప్పటికిని టెలివిజన్‌లో వచ్చినప్పుడెల్ల చూచుచునే యున్నాము.

ఎడబాటును మోసికొని వెనుకకు పోయినవాని కథ 2022 సెప్టెంబరులో వచ్చినది. శ్రీ కార్తీక్ దర్శకత్వమున వెలువడిన 'ఒకే ఒక జీవితం'. శర్వానంద్ ఆది యను గాయకుడు. గొంతు మంచిది, వేదిక యెక్కినచో భయము. చిన్ననాడు తల్లి పోయినది. తల్లిగా అమల అక్కినేని. నాజర్ ధరించిన శాస్త్రజ్ఞుని యంత్రము ఆదిని, ఆతని స్నేహితులిద్దరిని 2019నుండి 1998వ సంవత్సరమునకు చేర్చును. స్నేహితుల కోరికలు హాస్యమునకు ఉద్దేశించినవి; ఆ భాగము కొంత సాగదీసినట్లు మాకు తోచినది. ఆది కోరిక మాత్రము ఒక్కటే. తల్లి మరణమును తప్పింపవలెను.

ఆ చిత్రములో మమ్ము పట్టి కూర్చుండబెట్టినది యంత్రము కాదు. తనకంటె ఎంతో పెద్దవాడు కాని తల్లి యెదుట, తన వయసువాడే యైన కొడుకు పరాయివానివలె నిలుచుండుట. అమ్మా యని పిలువరాదు. ఆమె ఒడిలో నాడుకొనవలసిన పిల్లవాడు తానే, వేరొక చోట చిన్నవాడై తిరుగుచున్నాడు. ఆమె ఎప్పుడు పోవునో ఆతనికి తెలియును; ఆమెకు తెలియదు. తుదకు ఆతడు ఎంత పెనుగులాడినను ఆ తల్లి దక్కదు. తల్లిని బ్రతికించి చూపినచో ప్రేక్షకులు చప్పట్లు కొట్టి యింటికి పోయెడివారు. దర్శకుడు ఆ సులువైన త్రోవను త్రొక్కలేదు. ఆది తల్లిని వెంట తెచ్చుకొనలేదు. పాడుటకు ధైర్యమును తెచ్చుకొన్నాడు.

జరుగనున్నది తెలిసియు ప్రేమించుట అను ఈ స్థితి మన చిత్తూరు సీమ పల్లెలకు ఏనాటినుండియో తెలిసినదే. ధర్మరాజుల గుళ్ల ముంగిట పదునెనిమిది దినములు భారతము జరుగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. అర్జునుడు తపస్సు మాను ఎక్కును. కడపటి దినమున మట్టితో చేసిన దుర్యోధనుడు పడును. నడుమ ఒక రాత్రి అభిమన్యుడు పద్మవ్యూహములోనికి పోవును. అతడు తిరిగి రాడని చంటిపిల్లలకును తెలియును. నిరుడును రాలేదు, ఆ ముందటి యేడును రాలేదు. అయినను చాపలు పరచుకొని తెల్లవార్లు కూర్చుండి, ఉత్తరను వీడి అతడు కదలునప్పుడు ఆడువారు కొంగుతో కన్నులొత్తుకొందురు. వద్దు, పోవద్దని కేక వేసిన ముసలమ్మలను మేము చూచితిమి. 1998లో తల్లి పక్కన నిలుచున్న ఆదికిని, ఆ చాపమీద కూర్చున్న ముసలమ్మకును భేదమేమి? ఇద్దరికిని కథ తుద తెలియును. ఇద్దరికిని దానిని మార్చు అధికారము లేదు.

పుంగనూరు సీమలోని సదుములో ఒక యింట ఈ చిత్రమును గూర్చి మాట వచ్చినది. ఆ యింటి పెద్దామెకు ఎనుబదికి పైబడిన వయసు. తల్లి పోయి అరువదేండ్లు దాటినది. ఆ యంత్రము నీకిచ్చినచో ఏమి చేసెదవవ్వా యని అడిగితిమి. ఆమె చాట ప్రక్కన బెట్టి, "పొయ్యి ఏం జేసేదుండాది నాయనా? మాయమ్మ సేతి సంగటి ముద్ద ఒగటి తినేసి వొచ్చేస్తా" అనినది. తల్లి ఆయువును పొడిగింపగోరవా యని మరల అడిగితిమి. "అది మన సేతిలో ఉండాదా?" అని మా వంక జాలిగా చూచినది. ఆ యింటి మనుమడు కువైటులో పనికి పోయి ఉన్నాడు. ప్రతి శుక్రవారము ఫోనులో ముఖము చూపును. అవ్వకు అదియే యంత్రము.

ఆమె మాట మాకు అమెరికా కథకంటె లోతుగా తోచినది. కర్క్ కాలముతో ఒప్పందము చేసికొనెను. ఆది కాలముతో పోరాడెను. ఈమె పోరనులేదు, ఒప్పందము కోరనులేదు. ఒక పూట భోజనము కోరినది. చూచుటకు అనుమతి యిచ్చిన చాలును, తాకి మార్చుటకు కాదు.

చూచుటకు మాత్రమైతే వెనుకటి త్రోవ నిజముగనే కలదు. కుప్పము దాటి తమిళదేశములో ప్రవేశించి, వాణియంబాడి ఆవల జవ్వాది కొండలకు పోయినచో కావలూరు వేధశాల కనబడును. అక్కడ 2.34 మీటర్ల అద్దము గల దూరదర్శిని 1986నుండి పనిచేయుచున్నది. దానిని తలపెట్టిన వేణు బాపు గారి పేరనే అది వెలసినది. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆకాశమును చూచుట ఆయనకు ఇంటి విద్య. అట్టి అద్దములో పడునదంతయు గడచిన కాలమే. అంత దూరము పోనక్కరలేదు. మాఘమాసపు రాత్రి సదుము మిద్దెమీద నిలిచి దక్షిణముగా చూచినచో, నక్షత్రములలోకెల్ల ప్రకాశించు లుబ్ధకుడు అగపడును. ఆ వెలుగు అక్కడ బయలుదేరి ఎనిమిదిన్నర యేండ్లు దాటినది. కార్తికమాసపు చీకటి రాత్రులలో మబ్బుతునకవలె మసకగా కనబడు ఆండ్రోమెడా వెలుగు బయలుదేరి సుమారు 25 లక్షల యేండ్లు. పంపినది ఏమైనదో తెలియదు. పంపిన వెలుగు మాత్రము నేటికి చేరినది.

'ఒకే ఒక జీవితం'లో అమ్మను గూర్చిన పాటను వ్రాసినవారు సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. 2021 నవంబరు 30న ఆయన కన్నుమూసిరి. చిత్రము విడుదలైనది ఆ తరువాత తొమ్మిది నెలలు దాటిన పిమ్మట. కొడుకు తల్లికై పాడిన ఆ పాటను మేము మొదట విన్నది రేడియోలోనే.