ఇలోకోస్ గడ్డ మీద నా చదువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి, “లక్ష్యాలు, ఆత్మవికాసం మీద ఒక పావుగంట మాట్లాడమ్మా, పదో తరగతి పిల్లలు వింటారు” అన్నారు. ఆ విషయం మీద టీవీల్లో గంటల తరబడి చెప్పేవాళ్లు ఉన్నారు. నాకు అంత విద్య లేదు. నేను డాక్టరు చదువు చదువుతున్న చోటు గురించి, అక్కడి మనుషుల గురించి చెబుతాను. నా లక్ష్యాలు అందులోనే ఉన్నాయి.

ఫిలిప్పీన్స్‌లో లూజాన్ అనే పెద్ద దీవి ఉంది. రాజధాని మనీలా నుంచి ఉత్తరంగా దాదాపు 400 కిలోమీటర్లు బస్సులో వెళితే విగాన్ వస్తుంది. స్పెయిన్ వాళ్లు 1572లో స్థాపించిన పట్టణం. రాళ్లు పరిచిన వీధులు, గుర్రపు బండ్లు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ పట్టణం చుట్టూ ఉన్న ప్రాంతాన్ని ఇలోకోస్ అంటారు, అక్కడి జనం ఇలోకానోలు, వాళ్ల భాష కూడా ఇలోకానోనే. ఆ దేశంలో ఎక్కువమంది మాట్లాడే భాషల్లో అది మూడోది.

మా నాన్న నన్ను దింపడానికి వచ్చినప్పుడు బస్సు కిటికీలోంచి చూసి, “ఇదేందమ్మా, మన చేలే ఇక్కడిదాకా వచ్చినయ్యే” అన్నాడు. రోడ్డు పక్కన వర్జీనియా పొగాకు! వరి కోసేశాక, వానలు ఆగిపోయే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొగాకు, వెల్లుల్లి, ఉల్లి వేస్తారు. మనం బ్యారన్ అనేదాన్ని వాళ్లు పుగోన్ అంటారు. కట్టెల మంట, ఆకు కర్రలకు కట్టడం, రాత్రంతా వేడి చూసుకుంటూ మేలుకోవడం, అన్నీ అవే. గ్రేడు దగ్గర రైతుకూ కొనేవాడికీ జరిగే వాదన కూడా అదే. భాష రాకపోయినా ఆ వాదన మాత్రం మా నాన్నకు పూర్తిగా అర్థమైంది. ఒక తేడా ఉంది. వర్జీనియా పొగాకు మీద వచ్చే ఎక్సైజు పన్నులో 15 శాతం ఆ పంట పండించే ప్రావిన్సులకే తిరిగి ఇవ్వాలని వాళ్లు 1992లో చట్టం చేసుకున్నారు. మన రైతు సంఘాల పెద్దలు ఈ సభలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇలోకానోలకు వాళ్ల దేశంలో పిసినారులని పేరు. దాని మీద జోకులు కూడా ఉన్నాయి. కానీ ఆ నేలను చూస్తే కారణం తెలుస్తుంది. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, మధ్యన సన్నని పట్టీలాంటి భూమి. ఆరు నెలలు చుక్క వాన ఉండదు. జనం ఎక్కువ. అలాంటి చోట ఎవడైనా దాచుకునే తింటాడు. మేము అద్దెకున్న ఇంటావిడ కూరగాయలు కొనగా నేను చాలా తక్కువ చూశాను. దడి మీద మునగాకు, అరటి పువ్వు, అవిసె పువ్వు, వంకాయ, కాకరకాయ. వీటిలో కొన్నిటిని కలిపి, పులియబెట్టిన చేపల రసం పోసి ఉడికిస్తారు. పినక్‌బెత్ అంటారు. వాసనకు మొదటి వారం ముక్కు మూసుకున్నా, మునగాకు చూసి ప్రాణం లేచి వచ్చింది. అవిసె పువ్వు మన అమ్మమ్మల తరం తర్వాత మనం మరిచిపోయాం, వాళ్లు మరిచిపోలేదు.

ఆవిడ దగ్గరే నాకు లెక్కల పుస్తకం అలవాటైంది. ఖర్చు రాసేది, రాత్రి పడుకునే ముందు కూడేది. నా ఫీజులు మా ఇంట్లో బ్యాంకు అప్పు, కొంత పొలం మీద అప్పు. ఆ అప్పు అంకె ఆ పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. నా మొదటి లక్ష్యం ఆ అంకె. పిల్లలూ, లక్ష్యం అంటే పెద్ద మాట కానక్కరలేదు. అది ఒక అంకె అయితే కనీసం దగ్గరవుతున్నామో దూరమవుతున్నామో తెలుస్తుంది.

రెండో లక్ష్యం భాష. మా చదువంతా ఇంగ్లీషులో. కానీ ఆసుపత్రి వార్డులోకి అడుగు పెడితే మంచం మీద ఉన్న ముసలావిడకు ఇంగ్లీషు రాదు. మనీలా నుంచి వచ్చిన మా క్లాసు పిల్లలకు ఆమె మాట సగమే అర్థమయ్యేది. మనకు నొప్పి వేరు, పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు. పంటి దగ్గర సలుపుతోందంటే ఒక అర్థం, డొక్కలో పోటు వస్తోందంటే ఇంకొకటి. వాళ్లకూ అంతే. నొప్పిని సాకిత్ అంటారు. లోపల్నుంచి సలిపేదాన్ని ఉత్-ఓత్ అంటారు. పుండు మీద ఉప్పు పడ్డట్టు చురుక్కుమనేది అప్గెస్. తిమ్మిరి బిబినెగ్. ఈ నాలుగు మాటలు తెలిసిన రోజు నేను రోగి దగ్గర కూర్చుని మధ్యలో మనిషి లేకుండా జబ్బు వివరం రాసుకున్నాను. రోజుకు ఐదు మాటలని పెట్టుకున్నాను. మూడేళ్లు పట్టింది. ఇప్పటికీ వేగంగా మాట్లాడితే తడబడతాను, కానీ ముసలివాళ్లు నా కోసం నెమ్మదిగా మాట్లాడతారు.

భాష నేర్చుకుంటే మర్యాద కూడా వస్తుంది. మన “అండి”కి వాళ్ల మాట “అపో”. పెద్దవాళ్లకు ఉత్త “వెన్” అనకూడదు, “వెన్, అపో” అనాలి, అంటే “అవునండి”. అక్కను మనాంగ్, అన్నను మనోంగ్, చిన్నవాళ్లను అదింగ్ అంటారు. చుట్టరికం లేకపోయినా బస్సు కండక్టరు మనోంగే. ధన్యవాదాలు చెప్పాలంటే “దియోస్ తి అగ్ఙినా” అంటారు. దాని అసలు అర్థం, నీ మేలుకు వెల కట్టి దేవుడే తీరుస్తాడని. లెక్క గట్టిగా చూసుకునే జనం కృతజ్ఞతలో కూడా వెల మాట పెట్టుకున్నారని నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ మాట చాలా ఇష్టం.

వాళ్ల ఆచారాల గురించి రెండు మూడు సంగతులు చెప్పాలి. మన ఊళ్లో పుల్లయ్యలు, పెంటయ్యలు, బిచ్చమ్మలు ఎందుకున్నారో మీ అందరికీ తెలుసు. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను మృత్యువు పట్టించుకోకుండా అలాంటి పేరు పెట్టేవాళ్లు. ఇలోకోస్‌లో పసిబిడ్డ ఊరికే జబ్బు పడుతుంటే రెండో పేరు పెట్టే పాత ఆచారం ఉంది. సిరోక్ తి లతోక్ అంటారు, అంటే పళ్లెం కింద అని. చర్చిలో పెట్టిన పేరు రికార్డులో ఉంటుంది, ఈ పేరుతో ఇంట్లో పిలుస్తారు. సముద్రాలకు అవతల ఒక తల్లి, ఇవతల ఒక తల్లి, ఇద్దరికీ ఒకే భయం, ఒకే ఉపాయం. పిల్లల వార్డులో ఒక తల్లి నాకు బిడ్డ రెండు పేర్లూ చెప్పినప్పుడు నేను రెండూ రాసుకున్నాను. పక్కన కూర్చుని పిలవాల్సింది ఏ పేరుతోనో తెలియాలి కదా.

పెళ్లి సంగతి వింటే ఇక్కడున్న అమ్మలు ఆశ్చర్యపోతారు. వాళ్ల పాత పద్ధతిలో సబ్-ఓంగ్ అని ఒకటుంది. మగపెళ్లివారు ఇవ్వాలి! ఎక్కువగా భూమి, కొత్త దంపతుల బతుకుతెరువుకు. నేను ఇంటావిడకు మన కట్నం గురించి చెబితే, “పిల్లనూ ఇచ్చి, డబ్బూ ఇస్తారా?” అని రెండుసార్లు అడిగింది. లెక్క తప్పు చెబుతున్నానేమో అనుకున్నట్టుంది. డాక్టరు చదివిన పెళ్లికొడుక్కి మన దగ్గర ఎంత పలుకుతుందో ఆమెకు చెప్పలేదు.

పొలం పనుల్లో ఒకరికొకరు సాయం పట్టడాన్ని అమ్ముయో అంటారు. ఇవాళ మీ చేలో మేము, రేపు మా చేలో మీరు. మనం బదులుకు వెళ్లడం అనేదే. యంత్రాలొచ్చాక రెండు చోట్లా తగ్గింది. మేము నలుగురం విద్యార్థులం దాన్ని చదువులో పెట్టుకున్నాం. ఒకరు అనాటమీ చెబితే ఇంకొకరు ఫార్మకాలజీ చెప్పాలి, బాకీ ఉంచకూడదు.

ఇక మా తాత సంగతి. ఈ సభలో చాలామందికి ఆయన తెలుసు. పొగాకు పండించాడు, చుట్ట కాల్చాడు, చివరి రెండేళ్లు ఆయాసంతో మంచం మీద కూర్చునే నిద్రపోయాడు. ఆయన పోయిన రోజు నాకు పరీక్షలు. విమానం టికెట్టు ధర నా పుస్తకంలోని ఏ అంకెకూ సరిపోదు. నాన్నే వద్దన్నాడు. వీడియోలో చూశాను.

ఇంటావిడకు చెప్పాను. ఆమె ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లింది. ఇలోకానోలు చనిపోయినవారికి ఆతాంగ్ పెడతారు. మనం పెద్దలకు పెట్టుకున్నట్టే. జిగురు బియ్యంతో చేసిన పిండివంట, ఉడికించిన గుడ్డు, బాసి అనే చెరకు మద్యం, తమలపాకు, వక్క. నవంబరు 1న సమాధుల దగ్గర, ఇంట్లో కీడు జరిగినప్పుడు ఇంట్లో. పళ్లెం సర్దుతూ నన్ను అడిగింది, “మీ అపోంగ్‌కు పొగాకు అలవాటా?” అని. తాతను అపోంగ్ అంటారు. అవునన్నాను. చుట్ట ఒకటి తెచ్చి పళ్లెంలో పెట్టింది. వాళ్ల ఆచారంలో చుట్ట కూడా ఉంటుంది. మా తాతకు ఆంధ్రలో ఇంటి దగ్గర చేసిన కర్మ చేశారు, విగాన్‌లో ఆయన పేరు కూడా సరిగా పలకలేని ఒక ఆవిడ చుట్ట పెట్టింది. ఆయన ఏది తీసుకున్నాడో నేను చెప్పలేను గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

వాళ్లలో ఖననం అయ్యాక కుటుంబమంతా ఏటి ఒడ్డునో సముద్రం ఒడ్డునో తల కడుక్కుంటారు. గుల్గోల్ అంటారు. కాల్చిన వరిగడ్డి బూడిద కలిపిన నీళ్లు. మర్నాడు ఆమె ఒక చెంబులో ఆ నీళ్లు కలిపి, నా తల మీద తనే పోసింది. మన ఇళ్లలో మైల స్నానం చేయించే పెద్దమ్మలు ఎలా పోస్తారో అలాగే, ఒక చేత్తో నుదురు పట్టుకుని.

నా మూడో లక్ష్యం ఆ తర్వాత వచ్చింది. ఛాతీ వైద్యం చదవాలని. నా ఫీజు కట్టిన పంటా పొగాకే, మా తాత ఊపిరి తీసిన ఆకూ పొగాకే. ఈ రెండు మాటల్లో ఒకదాన్ని దాచిపెట్టి రెండోది మాట్లాడడం నాకు చేతకాదు. పంట వేయొద్దని ఇక్కడ నిలబడి చెప్పే అర్హత నాకు లేదు, వేరే పంటకు గిట్టుబాటు ఎవరిస్తారో చెప్పలేనప్పుడు. బ్యారన్ దగ్గర పని చేసేవాళ్లకు, ఆకు గ్రేడు చేసే ఆడవాళ్లకు దగ్గు వస్తే ఒంగోలు దాకా పోనక్కర లేకుండా చూసే మనిషి ఒకరు దగ్గర్లో ఉండాలి. అది మాత్రం నేను చేయగలను.

దానికి ముందు ఒక గట్టు ఉంది. విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఎఫ్‌ఎంజీఈ రాయాలి. 300 ప్రశ్నలు, 150 వస్తే పాసు. వినడానికి సగమే, కానీ చాలామంది అక్కడ ఆగిపోతున్నారు. అందుకని విదేశాలకు వెళ్లాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఏజెంటు ఇచ్చే రంగుల పుస్తకం పక్కన పెట్టి, జాతీయ వైద్య కమిషన్ 2021లో ఇచ్చిన నిబంధనలు చదవండి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంటర్న్‌షిప్ పన్నెండు నెలలు అక్కడే చేయాలి, చదువు ఇంగ్లీషులో సాగాలి. ఇంకా ఉన్నాయి. అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని వరసగా చదవండి.

చివరిగా ఇద్దరు ఇలోకానోల పేర్లు చెబుతాను. మగ్దలేనా గమాయో, పినిలి అనే ఊళ్లో 1924లో పుట్టింది. పదహారేళ్లప్పుడు మగ్గం పట్టింది. అక్కడి నూలు బట్టను ఆబెల్ అంటారు, మన చీరాల చేనేతలాగే వాళ్లకు అది పేరు. ఆమెకు 2012లో ఆ దేశం “సజీవ జాతీయ సంపద” బిరుదు ఇచ్చింది. అప్పటికి ఆమెకు 88 ఏళ్లు. రెండో ఆయన ఇసబెలో దె లోస్ రెయెస్, 1864లో విగాన్‌లో పుట్టినవాడు. ఊళ్లో ముసలమ్మలు చెప్పే నమ్మకాలు, ఆచారాలు, కథలు పోగుచేసి పాతికేళ్ల వయసులో, 1889లో పుస్తకం వేశాడు. నేను చెప్పిన ఇలోకానో ఆచారాల్లాంటివి ఎవరో ఒకరు రాసిపెట్టబట్టే మిగిలాయి. మన బడి చుట్టుపక్కల ఆరు ఊళ్లు ఉన్నాయి. బ్యారన్ మాటలు, నొప్పి మాటలు, దిష్టి తీసే పద్ధతులు, పుల్లయ్య పేర్ల వెనక కథలు తొమ్మిదో తరగతి పిల్లలు సెలవుల్లో రాసుకొస్తే అచ్చు ఖర్చుకు సంఘం పెద్దలు ముందుకొస్తారని ఆశ. తెలుగు మాస్టారు ఒప్పుకున్నారు. ఖర్చులో నా వంతు చిన్నదే గానీ, పుస్తకంలో రాసుకున్నాను.

వచ్చే వారం తిరిగి వెళుతున్నాను. నా నంబరు ఆఫీసు గదిలో ఇచ్చాను. వైద్యం చదవాలనుకునేవాళ్లు ఆదివారం సాయంత్రాలు ఫోను చేయవచ్చు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి తొమ్మిది లోపల చేయండి.  దియోస్ తి అగ్ఙినా, అపో.