వాలీబాల్‌లో మొదటి బంతి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వాలీబాల్ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గము వారు మమ్మల్ని కోరినారు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల కోర్టు, ఇటు ఆరుగురు, అటు ఆరుగురు – ఇవన్నీ మీకు తెలిసినవే. అందుచేత వాటిని వదిలి, సాయంత్రం పూట మైదానంలో మేము చూస్తున్న సంగతి చెబుతాము.

బంతి చేతికి రాగానే మన కుర్రవాళ్లు చేసే పని ఏమిటి? నెట్ దగ్గరకు పరుగెత్తి షాట్ కొట్టడం. గంటసేపు అదే. రిసీవ్ చేసేవాడు లేడు, లిఫ్ట్ ఇచ్చేవాడు లేడు. తీరా మ్యాచ్ రోజున ఎదుటివాడు ఒక్క గట్టి సర్వీస్ వేసేసరికి బంతి ప్రహరీ అవతల పడుతుంది. మొదటి బంతి సరిగా లేస్తేనే రెండవది, రెండవది కుదిరితేనే గదా షాట్!

కనుక ముందు నేర్వవలసింది అండర్‌హ్యాండ్ పాస్. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి నిలబడాలి. ఒక చేతిని మరొక చేతిలో ఉంచి, బొటనవేళ్లు రెండూ పక్కపక్కన కలపాలి. మోచేతులు వంగకూడదు. బంతి తగలవలసింది మణికట్టుకు కాస్త పైన, ముంజేతుల మీద. పిడికిలి మీద తగిలితే ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. అందరూ చేసే పొరపాటు ఏమంటే, చేతులను ఊపి బంతిని కొట్టడం. వేగంగా వచ్చే బంతికి ఊపు అక్కరలేదు. చేతులు పలకలాగా నిలిపితే చాలు. బంతి మెల్లగా వస్తే మోకాళ్లు లేపి సాయమివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, బంతి వచ్చే చోటికి కాళ్లు ముందు చేరాలి, చేతులు చాచడం ఆ తరువాత.

రెండవది, వేళ్లతో లేపడం. నుదుటి పైన చెంబు పట్టుకున్నట్లు వేళ్లు విప్పి ఉంచాలి. అరచేయి తగలరాదు. గోళ్లు పెంచుకొని, ఉంగరాలతో ఆడరాదు. వేలు బెణికితే పక్కవాడు పట్టి లాగడం మన దగ్గర ఒక వైద్యమైపోయింది. దయచేసి అది మానండి. చల్లటి నీళ్లలో పెట్టి, వాపు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

సర్వీస్ సంగతి. పూర్వం సర్వీస్ చేసే జట్టుకే పాయింటు వచ్చేది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ప్రతి ర్యాలీకీ పాయింటు అనే పద్ధతి వచ్చింది. అంటే సర్వీస్ నెట్‌కు తగిలి ఇటే పడితే ఎదుటివాడికి ఉచితంగా పాయింటు ఇచ్చినట్లే. కొత్తవాళ్లు కింది నుంచి వేసే సర్వీస్‌తో మొదలుపెట్టడంలో చిన్నతనమేమీ లేదు.

1986 సియోల్ ఆసియా క్రీడలలో మన దేశానికి కాంస్యం వచ్చింది. ఆ జట్టులో మన పి.వి. రమణ గారున్నారు, కేరళ జిమ్మీ జార్జి ఉన్నాడు. జిమ్మీ జార్జి గాలిలోకి లేచి కొట్టిన షాట్లను ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ షాట్లకు బంతి లేపి ఇచ్చినవారి పేర్లు మనలో ఎందరికి గుర్తున్నాయి?

ఇది ఎందుకు చెబుతున్నామంటే, పొట్టివాడని ఆట బయట కూర్చోబెట్టిన పిల్లలు మన వీధుల్లో చాలామంది ఉన్నారు. స్కోరు రాయి, బంతి తెచ్చిపెట్టు – ఇంతే వాళ్ల పని. 1998లో లిబెరో అనే స్థానం వచ్చింది. వేరే రంగు చొక్కా వేసుకొని, వెనక వరుసలో ఆడుతూ బంతి రిసీవ్ చేయడమే అతని ముఖ్యమైన పని. నెట్ మీదుగా షాట్ కొట్టడానికి, బ్లాక్ చేయడానికి అతనికి అనుమతే లేదు. పొట్టివాడైతే నేల మీది బంతికి త్వరగా అందుతాడు కూడా.

సాధనకు గోడ చాలు. రెండు మీటర్ల దూరంలో నిలబడి, బంతి కింద పడకుండా వరసగా యాభై పాస్‌లు చేయాలి. ఇంటి పెరట్లో ఆడపిల్లలు కూడా చేయవచ్చు. మగవారి నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆడవారిది 2.24. చిన్నపిల్లలకు ఇంకా దించి కట్టండి. వచ్చే ఆదివారం నుండి మొదటి అరగంట షాట్లు బంద్ అని మా కుర్రవాళ్లకు చెప్పాము. మూతులు ముడుచుకున్నారు, అయినా ఒప్పుకున్నారు.