మొత్తము సరిపోయిన చాలదు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత భాగవతములు స్వయముగా చదువుకొనుట నా వ్యసనము. అట్టివాడు పరమాణువులను గూర్చి పలుకుట సాహసమే. కాని లోహములకు కలుగు ఒక చేటును గూర్చి చదివినపుడు నా పాత తప్పొకటి జ్ఞప్తికి వచ్చినది.

ఇరువదియేండ్ల క్రిందట ఒక వసూలుపట్టీకి నకలు వ్రాయుచు, ఒక రైతు చెల్లించిన సొమ్మును క్రింది పేరున వేసితిని. ఆ క్రిందివానిది మరియొక గడి క్రిందికి పోయినది. ఇట్లు పది పేర్లు జరిగి, చివర ఒకే గడిలో రెండు మొత్తములు పడినవి. అడుగున కూడిక సరిపోయినది. నిశ్చింతగా సంతకము చేసితిని. నెల తిరుగకముందే ఆ మొదటి రైతు, వృద్ధుడు, ఒక చేత బాకీ తాఖీదు, మరియొక చేత రసీదు పట్టుకొని మా అరుగుమీద కూర్చుండెను.

లోహములోను ఇట్లే జరుగును. రాగిలో పరమాణువులు వరుసనాటు వేసిన నారువలె క్రమముగా నుండును. అణురియాక్టరులో వెలువడు న్యూట్రాను ఒక పరమాణువును గట్టిగా తాకెనేని, అది పొరుగుదానిని త్రోసి దాని చోట కూర్చుండును. ఆ పొరుగుది తన పొరుగుదానిని త్రోయును. చివరకు మొదట ఒక ఖాళీ, దూరముగా ఒకే చోట రెండు పరమాణువులు. ఒక్కటియు తగ్గలేదు, పెరుగలేదు. ఐనను వరుస చెడినది.

ఇది కంటికి కానరాదు. సెకండును లక్ష కోట్ల భాగములు చేసిన, అందు కొన్ని భాగములలోనే ముగియును. 1960లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమున గిబ్సన్, గోలాండ్, మిల్‌గ్రమ్, వైన్‌యార్డ్ అను నలుగురు దీనిని ఐబీఎం 704 కంప్యూటరుపై లెక్కించిరి. సుమారు 500 రాగి పరమాణువులను తీసికొని, ఒకదానిని తటాలున కదల్చి, ప్రతిదానిపై ఇరుగుపొరుగుల ఒత్తిడి ఎంతయో కట్టి, ఆ మేరకు ప్రతిదానిని రవ్వంత జరిపి, మరల మొదటినుండి కట్టిరి. అనుకూలమైన దిక్కున తగిలిన దెబ్బకు 25 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి యున్న చాలు, పరమాణువు మరల తన చోటికి రాదని తేలినది. నేడు కోట్ల పరమాణువులతో ఇట్టి లెక్కలు కట్టుచున్నారు. పెద్ద దెబ్బకు చెదరినవానిలో అధికభాగము వెంటనే ఏదో యొక ఖాళీలో కుదురుకొనునని, కుదురని కొద్దిపాటివలననే కీడని వానివలన తెలిసినది.

ఆ కొద్దిపాటియే ఏండ్లతరబడి పేరుకొని ఉక్కును పెళుసుబారజేయును. రియాక్టరును ఇముడ్చుకొన్న పెద్ద ఉక్కుపాత్రను తలచినపుడెల్ల మార్చుట కుదరదు. కావున అదే రకపు ఉక్కుముక్కలను లోపల నుంచి, నిర్ణీతకాలమునకు వెలికితీసి విరిచి పరీక్షింతురు. లెక్క ఎంత చక్కనిదైనను, ఆ ముక్కయే రసీదు.

ఆనాడు ఆ వృద్ధుడు నన్ను తిట్టలేదు. "కూడిక సంగతి నాకెందుకు బాబూ, నా పేరు చూడండి" అనెను. నాటినుండి నేను పేరుపేరున సరిచూడక సంతకము చేయలేదు. మన గ్రంథాలయపు బీరువాలోను అంతే: పుస్తకముల సంఖ్య సరిపోయినను, తన చోట లేని పుస్తకము వెదకువానికి లేనట్లే.