చివరి మాత్రవరకు



క్షయకు మందు లేక కాదు, మందు ముగింపకయే మనవారిని పోగొట్టుకొనుచున్నాము. 1959లోనే మద్రాసు పరిశోధనలో, ఇంటివద్ద క్రమముగా మందు వాడినవారు శానిటోరియములోని వారివలెనే కోలుకొనిరని తేలినది. నేడు మామూలు క్షయకు 6 నెలల చికిత్స. రెండవ నెలలో దగ్గు తగ్గెనని, పలాస జీడి కార్ఖానాకో, వేటకు గుజరాతు తీరమునకో పోయి మాత్రలు మానినయెడల వ్యాధి తిరుగబెట్టును, మందుకు లొంగకపోవచ్చును. సారా, చక్కెరవ్యాధి, చాలని తిండి చికిత్సకు అడ్డుతగులును. ఉద్దానములో మూత్రపిండముల జబ్బున్నవారు వైద్యునికి ముందే చెప్పవలెను. కొన్ని మందులను వారికి సవరించి ఇవ్వవలెను.

ఒకనాడు టెక్కలి దగ్గర ఒక రోగి ఇంట గడప దాటక ప్రార్థించి వచ్చితిమి. అతడు సగములోనే మందు మానెను. ఆ భయమునకు నేటికిని సిగ్గుపడుచున్నాము. ఇకమీదట ప్రతి రోగికి ఒక కుటుంబము తోడుండి, చివరి మాత్రవరకు నడిపించుదము.