పసుపు రంగు పోయే దాకా



హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఆబిడ్స్‌లో, సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైంది. తొలి ఉపకులపతి గురుబక్ష్ సింగ్ గారు కెమిస్ట్రీ ఆచార్యులే. మూడేళ్లకు, 1977లో, మరో కెమిస్ట్ గోవర్ధన్ మెహతా గారు ఐఐటీ కాన్పూర్ విడిచి అక్కడికి వచ్చారు. జోధ్‌పూర్‌లో పుట్టిన ఆయనకు అప్పటికి 34 ఏళ్లు దాటలేదు. బాగా నడుస్తున్న ల్యాబ్‌ను వదిలి, అన్నీ కొత్తగా కూర్చుకోవాల్సిన చోటికి రావడమంటే ఏమిటో బెంచి దగ్గర నిలబడ్డవాళ్లకు తెలుసు.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. సైక్లోపెంటాడైయీన్, బెంజోక్వినోన్ కలిపితే పసుపు స్ఫటికాలు వస్తాయి. వాటిని కరిగించి అతినీలలోహిత కాంతి కింద పెడితే ఆ పసుపు మెల్లగా పోతుంది. రంగు పోయిందంటే అణువు పంజరంలా మూసుకుందన్నమాట. ఆ పంజరాన్ని అంతకుముందే వేరేవాళ్లు చేశారు. దాన్ని ఎక్కడ విడగొట్టాలో మెహతా గారి బృందం చూసింది. బాగా వేడెక్కిన గొట్టం గుండా పంపితే లోపలి నాలుగు కార్బన్ల వలయం విడిపోయి, అయిదేసి కార్బన్ల వలయాలు మూడు వరుసగా అతుక్కుని మిగులుతాయి. మెత్తటి పగడపు జీవుల్లో దొరికే కాప్నెల్లీన్‌ను ఆ దారిలోనే తయారుచేశారు. కాంతితో కట్టి, వేడితో విప్పారు! మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1994లో అదే విశ్వవిద్యాలయానికి ఆయన ఉపకులపతి అయ్యారు. 1998 నుంచి 2005 దాకా బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టర్. ఆ ఏళ్లన్నీ ఆయన బృందం నుంచి పేపర్లు వస్తూనే ఉన్నాయి. పెద్ద కుర్చీలో కూర్చునే మనిషికి ల్యాబ్ వాసన తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆర్డరిచ్చిన రసాయనం మూడు నెలలు ఆలస్యమైతే ఒక విద్యార్థి ఏడాది ఎలా పోతుందో అలాంటివారికి ఒకరు చెప్పక్కర్లేదు.

అలా నా పని కూడా ఒకసారి పోయింది. నా పీహెచ్‌డీ మూడో ఏట, నాలుగు నెలలు పోగేసుకున్న పదార్థం, ద్రావణిని ఆవిరిచేసే రోటావాప్‌లో ఒక్కసారిగా పొంగి దాని ట్రాప్‌లోకి పోయింది. తప్పు నాదే. వ్యాక్యూమ్ తొందరపడి పెట్టాను. ఏడుపు దిగమింగుకుంటూ మా గైడు గారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. "ట్రాప్ కడిగావా అమ్మా?" అని మాత్రం అడిగారు. ఇద్దరం అసిటోన్‌తో మూడుసార్లు కడిగి, శుద్ధి చేయడానికి మళ్లీ కాలమ్ వేసి, సగానికి పైగా వెనక్కి తెచ్చుకున్నాం. తర్వాత నేను విభాగాధిపతినైనప్పుడు, విద్యార్థులు తలవంచుకుని నా గదిలోకి వచ్చిన ప్రతిసారీ ముందు ఆ మాటే నోటికొచ్చేది.

ఈ సాయంత్రం పట్టాలతో ఫొటోలు దిగాక ఒక్కసారి మీ ల్యాబ్‌కు వెళ్లండి. ఫ్రిజ్‌లో మీరు వదిలేసిన సీసాల మీద పేరు, తేదీ, లోపల ఏముందో రాయండి. మీ బెంచి దగ్గరికి వచ్చే నెల ఒక కొత్త అమ్మాయి వస్తోంది.