ఉనకేశ్వరపు వేడిగుండమును, నిర్మల కొయ్యపనియు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



యాత్రాగ్రంథములు కావలెనని గ్రంథాలయమునకు వచ్చువారికి మొదట చేతికందునది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్ర. ఆయన 1830లో మద్రాసునుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయెను. దారిలో నీళ్ళెట్టివి, వస్తువులు దొరకునా దొరకవా, నది దాటుట యెట్లు అను సంగతులన్నియు ఏ దినమున కాదినము వ్రాసి పెట్టెను. ఆ గ్రంథము చదివి కాశిని కన్నులకు గట్టినట్లు చెప్పగలవారు మన గ్రామములలో నున్నారు. గోదావరి కావలి యొడ్డున నున్న నిర్మలను చూచినవారు మాత్రము తక్కువ. చూచినను, బస్సు కిటికీలోనుండి చూచినవారే.

ఇప్పుడు చెప్పబోవునది కాశియాత్ర కాదు. తెల్లవారుజామున పోయి రాత్రికి ఇల్లు చేరిన ఒక కుటుంబపు ప్రయాణము. మెట్‌పల్లి ప్రాంతమున ఒక గ్రామములో వడ్రంగివృత్తివారు ముగ్గురు బయలుదేరిరి: ఎనుబదికి చేరువయిన అవ్వ, ఆమె కుమారుడు, ఇరువది యేండ్ల మనుమడు. అవ్వకు పాదములపై చర్మవ్యాధి. చలికాలము వచ్చినచో చర్మము బీటలువారి, రాత్రులు నవ పట్టి నిద్రయుండదు. పట్టణపు వైద్యుడు పూతమందు వ్రాసి యిచ్చెను. అది వాడుచునే ఉనకేశ్వరపు గుండములో ఒక్కసారి మునుగవలెనని ఆమె పట్టు. మనుమడు మరునెలలో దుబాయికి పోవలసియున్నందున, "పిలగాడు పోయినంక నన్నెవడు తీస్కపోతడు?" అని ఆమె అనగా కొడుకు కాదనలేక బాడుగకారు మాట్లాడెను.

ఆ మనుమని పయనము కొరకు తండ్రి ఏజెంటుకు లక్షా ఇరువది వేల రూపాయలు కట్టియుండెను. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. అనగా నెలకు 2,400, ఏడాదికి 28,800. అసలు కదలకుండ మిత్తియే ఇంతయగును. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో ఇట్టి లెక్క లేని వాడకట్టు అరుదు గనుక దీనిని గూర్చి విస్తరింప నక్కరలేదు.

దారి మెట్‌పల్లినుండి కమ్మరపల్లి మీదుగా ఆర్మూరు, అటనుండి సోన్ వద్ద గోదావరి వంతెన దాటి నిర్మల. కమ్మరపల్లి ప్రాంతముననే కోనసముద్రమను గ్రామము కలదు. 19వ శతాబ్ది తొలినాళ్ళలో వాయ్సీ అను ఆంగ్ల వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, ఇచ్చట మట్టిమూసలలో ఉక్కు కరగించు విధమును కన్నులార చూచి వ్రాసెను. ఆ వ్యాసము 1832లో అచ్చయినది. ఆ ఉక్కు కొరకు ఇరాను దేశపు వర్తకులు అంతదూరము వచ్చి ఇక్కడ కాచుకొనియుండెడివారు. డమాస్కసు ఖడ్గములని లోకము కొనియాడిన కత్తులకు మూలమైన ఉక్కు ఇట్టిదే. ఇట్టి కొలిమి స్థలములలో మిగులునది గాజువలె నిగనిగలాడు చిట్టెపు పెంకులు మాత్రమే. కారు ఆ ఊరిదారి దాటుచుండగా తండ్రి ఆ దిక్కు చూపి ఏదో చెప్పెను. కుఱ్ఱవాడు చేతిలోని ఫోనునుండి తల యెత్తలేదు.

నిర్మలలో పని తిరుగుదారికి నిలిపి, మహబూబు ఘాటు ఎక్కి, ఆదిలాబాదు మీదుగా పోయి పెన్‌గంగ తీరమున ఉనకేశ్వరము చేరిరి. నేడది మహారాష్ట్రలో నాందేడు జిల్లా కిన్వట్టు తాలూకాలోనిది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు కిన్వట్టు ఆదిలాబాదు జిల్లాలోని తాలూకాయే. అవ్వ పుట్టినిల్లు బోథు తాలూకా. విభజనకు ముందే, ఏడెనిమిదేండ్ల వయసున, తండ్రితో ఎడ్లబండిమీద ఇచ్చటికి వచ్చియుండెను. "అప్పుడిది మన జిల్లనే," అని ఆమె కారు దిగుచు అనెను. సరిహద్దులు పటములో మారును గాని నీటి వేడిమి మారలేదని ఆమె అభిప్రాయము కావచ్చును.

మరాఠీలో ఊన్ అనగా వెచ్చనిది, ఎండ. సంస్కృతపు ఉష్ణశబ్దమునుండి వచ్చినదే. వెచ్చని నీటియొద్ద వెలసిన ఈశ్వరుడు ఉనకేశ్వరుడు. నీటిలో గంధకపు వాసన యుండును. స్థలపురాణమేమనగా, శరభంగ మహర్షి కుష్ఠువ్యాధిచే పీడింపబడుచుండగా శ్రీరాముడు బాణముతో భూమిని భేదించి ఈ ఉష్ణజలమును వెలికి తెచ్చెనట. ఋషి దానిలో స్నానమాడి స్వస్థుడయ్యెనట. వాల్మీకి అరణ్యకాండలో శరభంగుడు కలడు గాని ఈ కథ లేదు. అచ్చట ఆ మహర్షి రాముని దర్శనము కొరకే ఇంద్రునితో పోక నిలిచియుండి, దర్శనమైన పిమ్మట అగ్నిలో ప్రవేశించును. అగ్ని ఆతని రోమములను, కేశములను, జీర్ణమైన చర్మమును దహింపగా, ఆతడు తేజోవంతుడైన కుమారుడై అగ్నినుండి పైకి లేచి బ్రహ్మలోకమునకు పోవును. పాతచర్మము పోయి క్రొత్తదేహము వచ్చుట అనునంతవరకు రెండుకథలు నొక్కటే. అగ్ని స్థానమున వేడినీరు చేరినది, అంతే. వ్యాధిగ్రస్తులు నడచివచ్చు తావున జనులు ఆ శ్లోకముల నీరీతిగా అర్థము చేసికొనుట సహజమే. శరభంగాశ్రమము మాదియని చిత్రకూట ప్రాంతమువారును అందురు. ఆ తగవు మనకేల?

ఇక నీరు వేడెక్కుట కిది కారణము. వర్షపునీరు రాతిపగుళ్ళవెంట చాల లోతునకు దిగును. భూమిలో కిలోమీటరు దిగినకొలది సుమారు 25 నుండి 30 డిగ్రీల వేడిమి హెచ్చును. అట్లు వేడెక్కిన నీరు మరియొక పగులు దొరకినచోట పైకి వచ్చును. దారిలో రాతినుండి గంధకాది ద్రవ్యములను కలుపుకొనును. దీనికై అగ్నిపర్వత ముండనక్కరలేదు. మణుగూరు చెంత పగిడేరున బొగ్గుకొరకు వేసిన బోరులనుండియే వేడినీరు పొంగివచ్చినది.

గంధకము చర్మమునకు మేలుచేయునని వైద్యశాస్త్రములును ఒప్పుకొన్నవే. నేటి పూతమందులలోను అది కలదు. కాని గంధకపు నీరు వేరు, ఒకే గుండములో పదిమంది వ్రణములతో మునుగుట వేరు. అంటువ్యాధి యున్నవాడు దిగిన నీటిలో లేనివాడు దిగినచో పుణ్యము సంగతి యెట్లున్నను వ్యాధి మాత్రము తప్పక దక్కును. మధుమేహము కలవారి పాదములకు వేడి తెలియకపోవచ్చును. వారు చేయి పెట్టి చూడక కాలు పెట్టరాదు. హృద్రోగులు ఎక్కువసేపు వేడినీట కూర్చుండరాదు. ఆ కుమారుడు ఈ సంగతులు తెలిసినవాడై, తల్లిని గుండములో దింపక, బకెట్టుతో నీరు తోడి తెచ్చి పక్కన గట్టుమీద కూర్చుండబెట్టి పాదములపై పోసెను. ముందు ఆమెకు కోపము వచ్చినది. "మునుగనీయకపోతె ఇంతదూరమెందుకు తెచ్చినవురా?" అనెను. పాదములకు వేడి తగులగానే మాటాడక కన్నులు మూసికొనెను. చాలసేపు అట్లే యుండెను. మనుమడు రెండవ బకెట్టు తానే తెచ్చెను. మూడవదియు తెచ్చెను. పిదప ఒక సీసానిండ నీరు పట్టి, ఈశ్వరదర్శనము చేసికొని మరలిరి.

మధ్యాహ్నము తిరిగినపిమ్మట నిర్మల చేరిరి. నిమ్మనాయుడను వెలమప్రభువు పేరుమీదుగా ఈ ఊరికి పేరు వచ్చినదని చెప్పుదురు. నకాషీలను చేరదీసినవాడును ఆతడేయని ప్రతీతి. 18వ శతాబ్దమున ఇచ్చట నిజాము సైన్యమునకు ఫిరంగులు పోతపోసిరి. కోటగోడలు, బురుజులు ఇంకను ఊరిచుట్టు నిలిచియున్నవి. ఫిరంగులు పోయినవి, బొమ్మలు మిగిలినవి. 1955లో బొమ్మల పనివారు సహకార సంఘముగా నేర్పడిరి.

పని జరుగు రీతి చూడదగినది. బొమ్మకు పొనికి కొయ్య కావలెను. అది మిక్కిలి తేలికయైనది, మెత్తనిది. ఉలి పెట్టినచోట పెచ్చులేవదు. కొయ్యను ఆరబెట్టి, తుండ్లుగా కోసి, చిన్న ఉలులతో రూపము తీయుదురు. జింకబొమ్మ యైనచో ఒడలు ఒకటి, కాళ్ళు, కొమ్ములు, చెవులు వేరువేరుగా చెక్కి పిదప అతికింతురు. అతుకుటకు చింతగింజలను నానబెట్టి, నూరి, ఉడికించిన జిగురులో ఱంపపు పొట్టు కలిపిన ముద్ద. అదే ముద్దతో సందులు నింపుదురు. ఆరిన తరువాత ఆకురాయితో నునుపుచేసి, తెల్లని సుద్దపూత పూసి, దానిమీద రంగు. పూర్వము రంగులు ఆకులనుండి, రాళ్ళనుండి తీసికొనెడివారు. ఇప్పుడు డబ్బాలలో వచ్చు రంగులే. మామిడిపండుబొమ్మ ప్రక్కన నిజమైన మామిడిపండు పెట్టినచో ఈగ యేది నిజమో కనిపెట్టునేమో గాని మనము కనిపెట్టలేము. ఒక్క కష్టము మాత్రము పెద్దది: అడవిలో పొనికిచెట్టు నానాటికి తగ్గిపోయినది. నరుకుట నేడు, పెరుగుట ఏండ్లకు. రంగు అంగడిలో దొరకును, కొయ్య దొరకదు.

అంతవరకు దేనిని సరిగా చూడని ఆ కుఱ్ఱవాడు ఇచ్చట కూర్చుండిపోయెను. వడ్రంగిబిడ్డ గదా. పెద్దపనివాడు ఉలి పట్టుకొను తీరును, కొయ్యను పాదముతో అదిమిపట్టు తీరును చూచుచుండెను. ఆయన ఒక తుండు ఇచ్చి, "చెక్కు చూద్దాం," అనెను. కుఱ్ఱవాడు టేకుకు అలవాటుపడిన చేతితో గట్టిగా నొత్తగా చిలుకమెడ సగము ఊడివచ్చెను. ఆయన నవ్వక, "దీనికి బలం వద్దు. ఇంకోటి తీస్కో," అని మరియొకటి యిచ్చెను. రెండవది నిలిచినది.

కొంతసేపటికి కుఱ్ఱవాడు మెల్లగా అడిగెను: "నెలకు ఎంతొస్తది పెద్దయ్యా?"

"పనున్న నెల ఒక తీరు, లేని నెల ఒక తీరు బిడ్డా. ఇంతని చెప్తె అబద్ధమైతది. మా పిల్లగాడు ఈ పనిల లేడు."

తండ్రి తలవంచుకొని విను చుండెను. కుఱ్ఱవాడు 2,400 రూపాయల మిత్తిని మనసులో వేసికొనియే యుండును. ఆ మాటమీద మరి ప్రశ్న వేయలేదు.

ఇచ్చట ఒక పరదేశపు సంగతి చెప్పవలెను. చెక్ దేశమున కార్లోవీ వారీ యను ఊరు కలదు. జర్మనులు కార్ల్స్‌బాడ్ అందురు. అచ్చటి పెద్దబుగ్గ వేడిమి 70 డిగ్రీలు దాటును. గేటే మహాకవి పలుమార్లు పోయి ఆ నీరు త్రాగెను. ఆ ఊరిలో 1857లో మోజర్ అనునతడు గాజుమీద చెక్కడపుపని చేయు దుకాణము పెట్టెను. నీటికై వచ్చినవారు గాజుపాత్ర కొనుక్కొని పోయిరి. 1893 నాటికి సొంత గాజుకార్ఖానా ఏర్పడినది. అది నేటికిని నడచుచున్నది. ఆ దేశముననే గాబ్లోంజ్ అను మరియొక ఊరు. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు మన దేశపు స్త్రీల చేతులకు గాజులు పెట్టెలకొలది అటనుండి దిగుమతి యయ్యెడివి. వస్తువునకును నగకును ఒకే పేరుపెట్టి గాజు అనుకొన్న జాతి మనది. ఆ గాజు ఓడమీద రావలసివచ్చినది!

ఆ ఊరిలో బుగ్గయు కార్ఖానాయు ఒకదాని నొకటి పోషించుకొన్నవి. మనకు బుగ్గ ఒక రాష్ట్రమున, బొమ్మ ఒక రాష్ట్రమున పడినవి. ఆనాడు ఉనకేశ్వరపు గుడియెదుట దుకాణములలో పిల్లల కొరకు అమ్ముచుండినవి ప్లాస్టికు కార్లు, ఈలలు. నిర్మల బొమ్మ ఒక్కటియు లేదు. నిర్మల పనివారిని అడుగగా అచ్చటికి సరుకు పంపుట ఎప్పుడును తలపునకు రాలేదనిరి. జాతరకు వచ్చిన తల్లి పిల్లవానికి ఏదో ఒకటి కొనియే తీరును. ఆ రూపాయి ఎవరి గల్లాలో పడవలెనన్నది దేవుడు నిర్ణయించు విషయము కాదు. సహకార సంఘమువారును, ఇరుజిల్లాల అధికారులును కూర్చుండి మాటాడుకొనిన ఒక పూటలో తేలు పని.

అవ్వ బొమ్మ మామిడిపండ్లు రెండు కొనెను. సీసాలోని నీరు అప్పటికే చల్లారియుండెను. రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరిరి.

నవ పదిదినములు తగ్గి మరల వచ్చినది. వైద్యుడిచ్చిన పూతమందు నడచుచునే యున్నది. కుఱ్ఱవాడు అనుకొన్న తేదీకే విమానమెక్కెను. అచ్చట సెంట్రింగు పనిలో చేరినట్లు ఫోను వచ్చినది. పెద్దపనివాడు కాగితములో చుట్టి యిచ్చిన పొనికి తుండ్లు నాలుగు, చిన్న ఉలి యొకటి, తన పెట్టెలో బట్టల అడుగున పెట్టుకొని పోయెనట. విమానాశ్రయమున ఉలిని తీసివేసిరి. తుండ్లను పోనిచ్చిరి.