కావేరి ఒడ్డున శాంతివనం

తమిళనాడులో కుళిత్తలై దగ్గర, కావేరి ఒడ్డున శాంతివనం అనే క్రైస్తవాశ్రమం ఉంది. 1950లో మోన్షనాన్, ల సో అనే ఇద్దరు ఫ్రెంచి మతగురువులు దాన్ని స్థాపించారు. కాషాయం కట్టి, నేలమీదే కూర్చుని భోంచేశారు. శిష్యులు మాత్రం దాదాపు రాలేదు. మోన్షనాన్ 1957లో కన్నుమూశారు. అభిషిక్తానందగా పేరు మార్చుకున్న ల సో 1968లో హిమాలయాల దారి పట్టారు.

అదే ఏడు కేరళ నుంచి బీడ్ గ్రిఫిత్స్ అనే ఆంగ్లేయ సన్యాసి వచ్చి ఆశ్రమాన్ని అందుకున్నారు. ఆయన హయాంలో ప్రార్థనలో బైబిలుతో పాటు ఉపనిషత్తులు, ఖురాన్ కూడా వినిపించాయి. క్రమంగా విదేశాల నుంచీ జనం రాసాగారు. అందరికీ నచ్చిందనుకునేరు! గోపురం, ఓంకారం చూసి కొందరు హిందువులు ఇది మతమార్పిడి ఎత్తుగడ అన్నారు. కొందరు క్రైస్తవులేమో మతం కల్తీ అయిందన్నారు. గ్రిఫిత్స్ 1993లో అక్కడే కన్నుమూశారు. ఆశ్రమానికి అతిథుల రాక ఆగలేదు.